మన కళ్లతో మనమే చూద్దాం

మా అమ్మ పోయి ఎనిమిదేళ్లు దాటింది. దశదినకర్మకు గోడకు పెట్టడానికి ఒక ఫోటో కావాల్సి వచ్చింది. ఆదిలాబాద్‌లోని మా ఇంట్లో బీరువాలు, ట్రంకు పెట్టె, అన్నయ్య పెళ్లి ఆల్బం అన్నీ వెతికాం. అమ్మ ఉన్న ఫోటోలు చాలానే దొరికాయి. అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. ఒకదాంట్లో పక్కన బాపు ఉన్నాడు, ఒకదాంట్లో ఒడిలో మనుమడు, ఇంకోదాంట్లో మొహం సగం పక్కకు తిరిగి చేతిలో అన్నం గరిటె. చివరికి చిన్నమ్మ బిడ్డ పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో స్టూడియోకు తీసుకుపోతే, ఆ అబ్బాయి పక్కవాళ్లందరినీ చెరిపేసి అమ్మను పెద్దగా చేసి ఇచ్చాడు. ఫ్రేము కట్టించి దండ వేశాక చూసుకుంటే, అమ్మ ఎడమ భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు అట్లాగే మిగిలిపోయాయి.

ఆ వేళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పుట్టింటికి పోయినప్పుడల్లా నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

మన ఇళ్లల్లో ఎందరు అమ్మల ఫోటోలు ఇట్లాంటివే! ఎవరి పెళ్లిలోంచో, ఎవరి పక్కనుంచో కత్తిరించి తెచ్చుకున్నవి. అయితే కొన్నాళ్లకు నన్ను ఇంకో ఆలోచన పట్టుకుంది. అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో లేదు, సరే. మరి అమ్మ తీసిన ఫోటో? అదీ ఒక్కటి లేదు. పొద్దుగూకే వేళ వెనక గుమ్మంలో కూచుని, పెరట్లో రేగు చెట్టు వైపు ఎంతసేపు చూసేదో. ఏం చూసేదో మాకెవరికీ తెలియదు. అడగాలని కూడా తోచలేదు. అమ్మ కళ్లకు లోకం ఎట్లా కనిపించిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ మా దగ్గర లేదు.

అప్పట్లో మా ఇంట్లో కెమెరా లేక కాదు. బాపు కొన్న రీలు కెమెరా ఉండేది. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. పండుగకు, పుట్టినరోజుకు బీరువాలోంచి బయటికి వచ్చేది. మేం చెయ్యి చాపితే "ముట్టకు, రీలు ఖరాబైతది" అనేవాళ్లు. అన్నయ్య ముట్టుకుంటే మాత్రం "జర జాగ్రత్త" అనేవాళ్లు. రెండు మాటల్లో తేడా చూశారా? రీళ్లు పోయాయి, బీరువా తాళం పోయింది, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. కానీ ఆ "ముట్టకు" అన్న మాట మాత్రం మనలో చాలామంది లోపల ఇంకా అట్లాగే ఉంది.

నా మొదటి ఒంటరి ఫోటో గురించి చెప్పనా? డిగ్రీ ఆఖరి సంవత్సరంలో తీయించారు. పెళ్లివాళ్లకు పంపడానికి. అమ్మ పట్టుచీర, వదినె గాజులు. వెనక నీలం తెర. "గదుమ కొంచెం కిందికి... నవ్వమ్మా... గంత వద్దు" అన్నాడు స్టూడియో ఆయన. ఎంత నవ్వాలో కూడా ఆయనే చెప్పాడు. ఆ ఫోటో నాది, కానీ నా కోసం తీసింది కాదు. ఎవరో చూసి "బాగుంది" అనడానికి తీసింది. ఆ తర్వాత తీసిన వేలాది ఫోటోల్లోనూ నేను పెళ్లికూతురిని, కోడలిని, తల్లిని. తప్పేమీ లేదు. కానీ ఆ ఫోటోల్లో నేనెక్కడ నిలబడాలో ప్రతిసారీ ఇంకొకరే చెప్పారు.

నాలుగేళ్ల కిందట మా బిడ్డ కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చింది. కరీంనగర్‌లో మా ఇంటి పెరట్లో మధ్యాహ్నం పూట తోమి బోర్లించిన గిన్నెల మీద ఎండ పడుతుంది. పదిహేనేళ్లుగా అవే గిన్నెలు, అదే ఎండ. ఆ రోజు ఎందుకో ఫోటో తీశాను. మర్నాడు వాకిట్లో నేను వేసిన ముగ్గు మీద నుంచి పాలబ్బాయి సైకిల్ చక్రం గీత పడింది. అదీ తీశాను. మా అత్తమ్మ చూసి నవ్వింది.

"గా ముగ్గును ఫోటో దీసి ఏం జేస్తవే? రేపు మల్ల ఏసుకుంటం గద!"

ఏం చేస్తానో నాకూ తెలియదు. నిజానికి ఆ తెలియకపోవడంలోనే ఉంది నాకు దొరికిన సంతోషమంతా. పొద్దున లేస్తే మనం చేసే ప్రతి పనికీ ఒక లెక్క ఉంటుంది. వంట ఎవరి కోసమో, ఉతుకుడు ఎవరి కోసమో. కుట్లు అల్లికలు నేర్చుకున్నా "నాలుగు డబ్బులొస్తయి" అని సమాధానం చెప్పుకోవాలి. ఎవరికీ ఏ సమాధానం చెప్పక్కర్లేకుండా పది నిమిషాలు ఒక వస్తువును చూస్తూ నిలబడటం నాకు అదే మొదలు.

నేను కథలు రాస్తాను. కథలో నాకు స్వేచ్ఛ లేదా అంటే, ఉంది. కానీ కథ అచ్చయిన రోజు నుంచి మొదలవుతుంది. "ఇందులో అత్త మనింటి అత్తేనా?" "ఆ ఆడబిడ్డ సంగతి ఎందుకు రాసినవ్?" అందుకే వాక్యం రాసేటప్పుడే సగం కొట్టేస్తాను. కిటికీ ఊచల నీడ గచ్చు మీద పడితే తీసిన ఫోటోకు ఆ భయం లేదు. నీడ ఎవరి బంధువూ కాదు కదా!

ఇందులో నేర్చుకోవలసిందీ ఉంది. పదకొండు గంటల ఎండలో మనిషిని నిలబెడితే కళ్ల కింద నల్లగా నీడలు పడతాయి. అదే మనిషిని కిటికీ పక్కన కూచోబెడితే, ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ పడి మొహంలో ఏదో మాట కనిపిస్తుంది. సాయంత్రం మానేరు డ్యాం కట్ట మీద పొద్దు కుంగే ముందు అరగంట, నీళ్లకూ రాళ్లకూ రంగే మారిపోతుంది. ఎలగందుల ఖిల్లాను ఎన్నిసార్లో చూశాను. ఫోను పట్టుకుని పోయినప్పుడే దాని గోడలో రాళ్లన్నీ ఒక్క రంగువి కావని చూశాను. కెమెరా నాకు ముందు నేర్పింది ఫోటో తీయడం కాదు, నిదానంగా చూడడం.

"ఈ వయసులో ఇదేం పిచ్చి" అంటారా? జూలియా మార్గరెట్ కామెరన్ అనే ఆమె 1815లో కలకత్తాలో పుట్టింది. ఇంగ్లండులో స్థిరపడి, పిల్లల్ని పెంచి, బిడ్డ పెళ్లి చేసింది. 1863లో ఆ బిడ్డా అల్లుడూ కలిసి ఆమెకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికామెకు 48 ఏళ్లు. కోళ్ల గూడును స్టూడియో చేసుకుంది, బొగ్గుల కొట్టును చీకటి గది చేసుకుంది. బొమ్మలు స్పష్టంగా లేవని అప్పటివాళ్లు వెక్కిరించారు. ఇవాళ ఫోటోగ్రఫీ చరిత్ర ఆమె పేరు లేకుండా రాయలేరు.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదే చూడండి. నిజాం కొలువులో ఫోటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్లకంటూ ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టాడు. పరదాలోని స్త్రీలను మగవాళ్లు ఫోటో తీయకూడదు కనుక, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళను అక్కడ నియమించాడు. పరదా ఆడవాళ్లకు చాలా అడ్డాలు కట్టి ఉండవచ్చు, కానీ అదే పరదా ఒక స్త్రీ చేతికి కెమెరా ఇప్పించింది. ఎంత వింత!

మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా. 1913లో పుట్టింది. చీర కట్టుకుని, బరువైన కెమెరా భుజానికి తగిలించుకుని స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఢిల్లీని, గాంధీ అంతిమయాత్రను తీసింది. కానీ ఆమె తొలినాళ్ల ఫోటోలు అచ్చయింది భర్త పేరుతో! భర్త పోయిన తర్వాత 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, మరుసటి ఏడే చనిపోయింది. ఇక అమెరికాలో వివియన్ మేయర్ అయితే పిల్లల ఆయాగా పనిచేస్తూ లక్షకు పైగా ఫోటోలు తీసి ఎవరికీ చూపించలేదు. 2007లో ఆమె సామాను వేలంలో అమ్ముడుపోతే తప్ప లోకానికి తెలియలేదు. 2009లో ఆ సంగతేదీ తెలియకుండానే ఆమె పోయింది.

ఒకరికి పేరు ఆలస్యంగా దక్కింది, ఒకరికి బతికుండగా దక్కనే లేదు. అయినా తీశారు. మనం నేర్చుకోవలసింది అక్కడే.

ఇక్కడ ఒక మాట చెప్తే కొందరికి కోపం రావచ్చు. ఇప్పుడు మనం ఫోటోలు తక్కువ తీస్తున్నామా? పొద్దున స్టేటస్, మధ్యాహ్నం స్టేటస్, కొత్త చీర కడితే సెల్ఫీ. ఎంతమంది చూశారో గంటకోసారి లెక్క. నేనూ చేశాను. ఒకరోజు హఠాత్తుగా అర్థమైంది, ఇది మళ్లీ ఆ నీలం తెర ముందు నిలబడటమేనని. అప్పుడు పెళ్లివాళ్లు "బాగుంది" అనాలి, ఇప్పుడు రెండు వందల మంది అనాలి. స్టూడియో ఆయన బదులు గదుమ నేనే దించుకుంటున్నాను. అంతే తేడా! సెల్ఫీ పాపమని కాదు. కానీ దాన్ని స్వేచ్ఛ అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ఇంకో సంగతి కేస్లాపూర్‌లో తెలిసింది. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలంలో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి నీళ్లు తెచ్చి మహాపూజ చేస్తారు. ఆ వంశానికి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే 'భేటింగ్' అప్పుడే. తెల్ల చీరలు, మొహాల మీద ముసుగులు. అన్నా వదినెలతో నేనూ పోయాను. ఆ తెలుపు చూసి నా చెయ్యి ఆగలేదు. నేనే కాదు, చుట్టూ పదుల కొద్దీ ఫోన్లు, కెమెరాలు. ఒక కొత్త కోడలు ముసుగు ఇంకా కిందికి లాక్కుని పక్కకు తిరిగింది. నా ఫోను తెర మీద ఆమె వంచిన మెడ మాత్రమే కనిపించింది. "గదుమ కొంచెం కిందికి" అన్న మాట చెవిలో వినబడ్డట్టయింది. ఫోను దించేశాను.

చూడబడటం ఎట్లా ఉంటుందో తెలిసిన మనమే, చూసే వంతు వచ్చేసరికి మర్చిపోతే ఎట్లా?

తర్వాత ఎడ్లబండి పక్కన కూచున్న ఒక ముసలమ్మను అడిగాను, తీసుకోవచ్చా అని. సరేనంది. తీశాక అంది: "అందరు దీస్కపోతరు. ఇచ్చేటోళ్లు ఎవ్వరు లేరు." 1940లలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్య ఉన్నారు. గిరిజనులంటే ప్రాణం పెట్టారు. 1987లో పోయిన ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. అప్పుడు ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అంత ప్రేమతో తీసిన బొమ్మలే అంత దూరం పోయాయంటే, జాతరలో ఒక్క పూట తీసుకుపోయే మనవి ఎక్కడ తేలతాయి? వచ్చి ప్రింటు వేయించి, అన్నయ్య చేత ఆ ముసలమ్మ ఊరికి పంపించాను. నా స్వేచ్ఛ ఇంకొకరి చాటును చింపేది కాకూడదని ఆ రోజు నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయిన రోజు మావారు "ఇగ వంట గూడ ఫోన్లనే వండుతవా?" అన్నారు. పొంగింది నా తప్పే, తుడుచుకున్నాను. కానీ ఆదివారం సాయంత్రం గంటసేపు నాదని మాత్రం చెప్పాను. గొడవ పడలేదు, బతిమాలలేదు, చెప్పానంతే. రెండు నెలలు గొణిగారు. ఇప్పుడు ఆ గంటలో టీ ఆయనే పెట్టుకుంటున్నారు.

మీకూ చెప్తున్నాను. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. వారానికి పదే ఫోటోలు అనుకోండి, వందలు తీస్తే చూడటం మానేస్తాం. ఎవరికీ పంపకండి, కనీసం ఒక నెల. నెలకొకటి ప్రింటు వేయించండి. ఫోను నీళ్లల్లో పడితే అన్నీ పోతాయి, కాగితం మిగులుతుంది. వెనకాల తేదీ, ఊరు రాయండి. 'తీసింది' అని మీ పేరు కూడా రాయండి. అది మర్చిపోవద్దు.

మొన్న సంక్రాంతికి మా అత్తమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. మనుమలను, కొడుకును పక్కకు జరగమంది.

"నన్ను దియ్యవే. ఒక్కదాన్నే."

తీశాను. తర్వాత ఫోను ఆమె చేతికిచ్చి ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆమె చాలాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి వాకిలి వైపు పట్టుకుని నొక్కింది. చూస్తే, ఆ పొద్దున నేను వేసిన ముగ్గు.