తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఆ వార్త చదివి మా ఇంట్లో అందరూ నవ్వారు. అమెరికాలో ప్రభుత్వం తరఫున వాదించే ఒక లాయరమ్మ, నిండు కోర్టులో, నన్ను కోర్టు ధిక్కారం కింద లోపల వెయ్యండి, కనీసం ఇరవై నాలుగు గంటలు కంటినిండా నిద్రపోతాను అని జడ్జిగారితో అనేసిందట. “వదినా, మీ ప్లీడర్లు అక్కడ కూడా ఇంతేనా?” అని మా మరిది నన్ను ఆటపట్టించాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. హైకోర్టులో మూడేళ్ళు అసిస్టెంటు గవర్నమెంటు ప్లీడరుగా చేసినదాన్ని. ఆ మాట మనిషిలో ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు.

2026 ఫిబ్రవరి 3న మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ నగరంలో జరిగిందిది. జెర్రీ బ్లాక్‌వెల్ అనే ఫెడరల్ జడ్జి, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వపు కోర్టు జడ్జి, నిర్బంధంలో వున్న కొందరు వలసదారుల్ని వదిలిపెట్టమని ఆర్డర్లు ఇచ్చారు. ఇచ్చినా వాళ్ళు బయటికి రాలేదు. ఎందుకు రాలేదో వచ్చి చెప్పమన్నారు. చెప్పడానికి వచ్చింది ఈమె. నెల తిరక్కుండా ఆమె నెత్తిన పడ్డ కేసులు 88. ఆ పనికి తగ్గ శిక్షణ లేదు. వలసదారుల్ని పట్టుకునే శాఖలో లాయరు ఆమె, మనుషులు చాలక ఇటు సర్దారు. ఆర్డరు వచ్చిందని శాఖకి రాయడం, బతిమాలడం, మళ్ళీ రాయడం. మానేసి పోతానని బెదిరిస్తే తప్ప పని జరగలేదని కూడా చెప్పింది. తను తెల్లజాతి మనిషిని కాననీ, తన కుటుంబానికీ ఆ పట్టుకుపోయే భయం వుందనీ అంది. ఇదంతా అయిన ఒకటి రెండు రోజుల్లోనే ఆమెని ఆ పనిలోంచి తప్పించారు.

ఇన్ని కేసులు ఒక్కసారిగా ఎలా వచ్చి పడ్డాయన్నది చాలామంది రాయలేదు. అది తెలియకపోతే ఈమె ఏడుపు ఉద్యోగం బాగోలేని ఏడుపులాగే కనిపిస్తుంది.

అమెరికాలో కాగితాలు లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళని పట్టుకుంటే, వాళ్ళు వలస కేసుల జడ్జి ముందు బాండు మీద విడుదల అడిగే వీలుండేది. పారిపోడు, ఎవరికీ ప్రమాదం లేదు అనిపిస్తే వదిలేవాళ్ళు. కేసు దాని దారిన అది నడిచేది. 2025 జూలైలో ఆ శాఖ, ఐస్ అని పొట్టిగా పిలుస్తారే, అది చట్టానికి కొత్త అర్థం తీసింది. తనిఖీ లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ళు, ఇరవై ఏళ్ళయినా సరే, సరిహద్దు దగ్గర ఇప్పుడే దొరికినవాళ్ళ కిందే లెక్కట. కాబట్టి బాండు అడిగే హక్కు లేదట! సెప్టెంబరులో వలస అప్పీళ్ళ బోర్డు కూడా అదే పాట పాడింది. ఆ తలుపు మూసేసరికి మిగిలింది ఒక్కటే తలుపు, ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్. మనిషిని ఏ చట్టం కింద పట్టి వుంచారో చెప్పు, చెప్పలేకపోతే వదులు, అనే పిటిషను. మన దగ్గర కొడుకుని పోలీసులు ఎత్తుకుపోతే తల్లి వేసే పిటిషను అదే.

దాని మీద 2025 డిసెంబరులో మిన్నెసోటాలో ఆపరేషన్ మెట్రో సర్జ్ అని మొదలుపెట్టారు. మూడువేల దాకా ఏజంట్లని ఆ రాష్ట్రం మీదికి దించారు. జనవరిలో వాళ్ళ తుపాకులకి ఇద్దరు అమెరికా పౌరులే పోయారు, అందులో ఒకామె ముగ్గురు పిల్లల తల్లి. ఆ దర్యాప్తు నడిపించిన తీరు నచ్చక ప్రభుత్వ న్యాయవాదుల ఆఫీసులో అనుభవం వున్నవాళ్ళు రాజీనామాలు ఇచ్చారు. అంటే పట్టేవాళ్ళు వేలల్లో పెరిగారు, కోర్టుకి జవాబు చెప్పేవాళ్ళు తగ్గారు. పెళ్ళికి వెయ్యిమందిని పిలిచి వంటవాళ్ళని ఇద్దర్ని పెట్టినట్టు. అన్నం అందకపోతే అరిచేది మాత్రం వడ్డించేవాడి మీద.

సరిగ్గా ఇక్కడే నాకు నా రోజులు గుర్తొచ్చాయి. ఒక డిపార్ట్‌మెంటులో డ్రైవరుగా చేస్తూ పోయిన ఆయన భార్య. ఆమెకి రావలసిన ఫ్యామిలీ పెన్షను ఎనిమిది వారాల్లో ఇమ్మని కోర్టు ఆర్డరు. పది నెలలయినా కదల్లేదు. నేను ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను, సెక్షన్లో గుమస్తా దగ్గరికి స్వయంగా వెళ్ళాను. “ఫైలు పైన వుంది మేడమ్” అంటాడు. పైన అంటే ఏ అంతస్తో, ఏ బల్లో, దేవుడికే తెలియాలి. వాయిదా రోజున లేచి నిలబడి, ఇన్‌స్ట్రక్షన్స్ కోసం టైము కావాలి అనేదాన్ని. గవర్నమెంటు ప్లీడర్లందరికీ నోటికొచ్చిన మంత్రం అది. మూడోసారి జడ్జిగారు అడిగారు, “అమ్మా, మీరు ప్రభుత్వమా? కాదా?” అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. ప్రభుత్వం పేరుతో మాట్లాడతాను గానీ ప్రభుత్వం చేత ఒక సంతకం పెట్టించలేను. ఇంట్లో పెద్దకోడలి పరిస్థితి అనుకోండి. వచ్చిన చుట్టం ముందు మర్యాద చెయ్యాల్సింది ఆవిడ, బీరువా తాళాలు మాత్రం అత్తగారి బొడ్లో.

అలాగని ఆ లాయరమ్మని చూసి అయ్యో పాపం అనేసి ఊరుకోలేను. నాకు పెన్షను కేసు. ఆ డ్రైవరు భార్య కష్టపడింది, అప్పులు చేసింది, కానీ రాత్రి తన ఇంట్లో తన పిల్లల పక్కన పడుకుంది. అక్కడ ప్లీడరు టైము అడిగిన ప్రతి వాయిదాకీ ఒక మనిషి కటకటాల వెనక ఇంకో రాత్రి గడపాలి. ఆర్డరు వచ్చేలోగా విమానం ఎక్కించి టెక్సాస్ పంపేసినవాళ్ళున్నారు. పైగా ఆమె ఈ పనికి తనంతట తనే ముందుకొచ్చింది. బ్లాక్‌వెల్ గారు కూడా ఆమె అలసటని తప్పుపట్టలేదు గానీ, కేసులు ఎక్కువయ్యాయని చెప్పి హక్కుల్ని పలచన చెయ్యడానికి వీల్లేదన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇన్ని కేసులు తెచ్చిపెట్టుకున్నది ఎవరు? పట్టుకోవడానికి మనుషులు, విమానాలు, డబ్బు దొరికాయి. వదలడానికి మాత్రం ఈ-మెయిలు చూసే దిక్కు లేదు!

అయితే కోర్టు ఎవర్ని పట్టుకోవాలి? అక్కడే నేను జడ్జీల తీరుని పోల్చి చూస్తాను.

అదే మిన్నెసోటాలో చీఫ్ జడ్జి పాట్రిక్ షిల్ట్జ్. ఆయన్ని జార్జి బుష్ నియమించారు, చిన్నబుష్. సుప్రీంకోర్టులో జస్టిస్ స్కాలియా దగ్గర పనిచేసిన మనిషి. వలసదారుల పక్షం అని ఆయన మీద ముద్ర వెయ్యడం కష్టం. ఈక్వెడార్ నుంచి వచ్చిన ఒకాయనకి ఏడు రోజుల్లో బాండు విచారణ జరపండి, లేకపోతే వదిలెయ్యండి అని జనవరి 14న ఆర్డరిచ్చారు. గడువు దాటింది. విచారణా లేదు, విడుదలా లేదు. షిల్ట్జ్ గారు గుమ్మం దగ్గరున్న లాయర్లని తిట్టి ఊరుకోలేదు. ఐస్ మొత్తానికి పెద్ద అయిన తాత్కాలిక డైరెక్టరు టాడ్ లయన్స్ జనవరి 30న స్వయంగా వచ్చి నిలబడాలన్నారు. ఈలోగా ఆ మనిషిని వదిలేస్తే రానక్కర్లేదని కూడా చెప్పారు. ఏమైంది? అంతవరకు కదలనిది ఒకటి రెండు రోజుల్లో కదిలింది. మనిషి బయటికొచ్చాడు. డైరెక్టరుగారి ప్రయాణం తప్పింది. దాన్ని రద్దు చేస్తూ 28న ఇచ్చిన ఉత్తర్వుకి ఆయన ఒక జాబితా తగిలించారు. ఒక్క జనవరిలో 74 కేసుల్లో ఐస్ పాటించని ఆదేశాలు 96. అదీ తొందరలో కూర్చిన జాబితానేట. కొన్ని ప్రభుత్వ శాఖలు పుట్టినప్పట్నుంచీ మీరినన్ని ఆర్డర్లు వీళ్ళు ఒక్క నెలలో మీరి వుంటారని రాశారు.

ఇంకొక జడ్జి, లారా ప్రొవిన్‌జినో, మరో దారి పట్టారు. ఆమె విడుదల చెయ్యమన్న మనిషిని టెక్సాస్‌లో వదిలారు, అతని గుర్తింపు కాగితాలు మాత్రం ఇవ్వలేదు. తెలియని వూళ్ళో కాగితాల్లేని మనిషి ఏమవుతాడు? మళ్ళీ పట్టుకోవడానికి పనికొస్తాడు! ఫిబ్రవరి 18న ఆమె ప్రభుత్వ లాయరుకే ధిక్కారం కింద, కాగితాలు చేరేదాకా రోజుకి 500 డాలర్ల జరిమానా వేశారు. ఆ లాయరు ఎవరనుకున్నారు? సైన్యం నుంచి అరువు తెచ్చిన మనిషి. ఆ దెబ్బతో కాగితాలూ బయల్దేరాయి. ఫలితం దక్కింది, కాదనను. కానీ సైన్యం నుంచి వచ్చి పడ్డ ఆ లాయరు, తన చేతిలో లేని కవరు కోసం తన జేబులోంచి కట్టాలి. కవరు దగ్గర పెట్టుకున్నవాడు ఆ రోజు ఏ కోర్టుకీ రాలేదు. నన్నడిగితే షిల్ట్జ్ గారి దారే దారి. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళని పిలవాలి.

ఇది వాళ్ళ దేశం గొడవ అనుకుంటారేమో. 2019 జనవరి ఆఖర్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ మర్చిపోయామా? ప్రభుత్వమే పెట్టిన బూటకపు యూనివర్సిటీ అది. చేరినవాళ్ళలో 129 మంది మన దేశం పిల్లల్ని నిర్బంధంలోకి తీసుకున్నారు, ఎక్కువమంది తెలుగు పిల్లలే. తెలిసి చేరారా, తెలియక చేరారా అని మనం ఇక్కడ టీవీల ముందు వాదించుకున్నాం. ఆ వారమంతా మా కాలనీలో ఒకావిడ ఫోను చెవికి కట్టుకునే తిరిగింది. ఆవిడకి కావలసింది తీర్పు కాదు. పిల్లాడు ఏ వూళ్ళో, ఏ గదిలో వున్నాడో చెప్పే మనిషి కావాలి. అలాంటి చోట కోర్టు వదలమంటే వదుల్తారు అన్న నమ్మకం ఒక్కటే మనవాళ్ళకైనా మిగిలేది. 

పై కోర్టులు ఏం చెబుతాయన్నది వేరే సంగతి. ఎన్నో జిల్లా కోర్టులు ప్రభుత్వం తీసిన కొత్త అర్థాన్ని కొట్టేశాయి. 2026 ఫిబ్రవరి 6న టెక్సాస్ ప్రాంతపు అప్పీలు కోర్టు మాత్రం ప్రభుత్వం వైపే చెప్పింది. చట్టం అర్థం మీద తగువుంటే అప్పీలుకి వెళ్ళొచ్చు, ఎవరూ వద్దనలేదు. ఆర్డరు మీద స్టే తెచ్చుకోవచ్చు. స్టే లేకుండా, అప్పీలు లేకుండా, ఊరికే మనిషిని అలా అట్టిపెట్టుకోవడం అప్పీలు కిందకి రాదు.

మన దగ్గరా ఈ జబ్బు వుంది కాబట్టే ఇంత రాస్తున్నాను. 2022 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, బడి ఆవరణల్లో కట్టిన సచివాలయాల్ని తీసెయ్యమన్న ఆదేశం పాటించలేదని ఎనిమిదిమంది ఐ.ఏ.ఎస్.లకి జైలు శిక్ష వేసింది. వాళ్ళు క్షమాపణ అడిగాక, జైలు బదులు ఏడాదిపాటు నెలకొక ఆదివారం సంక్షేమ హాస్టళ్ళకి వెళ్ళి పిల్లలకి భోజనం పెట్టమంది. నాకు నచ్చిన శిక్ష అది. అధికార్లని చీటికీ మాటికీ కోర్టుకి పిలవొద్దని సుప్రీంకోర్టు 2024 జనవరిలో పద్ధతులు పెట్టింది, అదీ సబబే. చీటికీ మాటికీ వద్దు. కానీ ఆర్డరు దాటిన మనిషిని పిలవకపోతే గుమ్మం దగ్గర నాలాంటి వాళ్ళే చివాట్లు తింటూ వుంటారు, లోపల ఫైలు నిద్రపోతూ వుంటుంది.

ఆ పెన్షను కేసు సంగతి చెప్పలేదు కదూ. నాలుగో వాయిదాకి ఆఫీసరుగారు స్వయంగా రావాలని నోటీసు వెళ్ళింది. ఆయన ఇస్త్రీ చొక్కాలో, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చారు. పెన్షను మంజూరు కాగితం వాళ్ళ చేతిలో వుంది. ముందురోజు తారీఖు! పది నెలల ఫైలు ఒక్క సాయంత్రంలో అయిపోయింది. జడ్జిగారు కేసు మూసేశారు. బయట వరండాలో ఆ డ్రైవరు భార్య, చేతిలో టిఫిను డబ్బా సంచీతో, నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందేమో అనుకున్నాను. “ఇన్నాళ్ళూ ఆపింది మీరేనా అమ్మా?” అని అడిగింది. కోపంగా కాదు. తెలుసుకుందామని. అన్ని వాయిదాలకీ లేచి నిలబడింది నేనే కదా మరి, ఆమె చూసింది నన్నే.