విత్తనం ఒక్కసారి... మందు ఏటేటా!

టీవీలో గోల్ఫ్ పోటీ వస్తుంటే ఆట అర్థమయ్యేది కొందరికే. కానీ ఆ పచ్చదనం చూసి ‘అబ్బ, తివాచీ పరిచినట్టుందే’ అనుకోనివారుండరు. ఆ తివాచీలో అన్నిటికన్నా నునుపైన చోటు ‘గ్రీన్’. ఆటగాడు చివర్లో బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేసేది అక్కడే. అక్కడ గడ్డి ఎత్తెంతో తెలుసా? దాదాపు 3 మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతుంటుందో అంత!

అంత పొట్టిగా రోజూ కోసినా బతికి, నేలబారున పాకుతూ చిక్కగా అల్లుకునే గడ్డి పేరు బెంట్‌గ్రాస్. చల్లటి ప్రాంతాల మొక్క. మన ఎండలకు తాళలేదు. అందుకే వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల్లో ఎక్కువగా కనిపించేది బెర్ముడా గడ్డి. అది మరేదో కాదు, వినాయకచవితి పూజకు తెచ్చే మన గరికే, దాని సంకర రకాలే.

బెంట్‌గ్రాస్ ఎంత అందమో అంత సుకుమారం. దానికి వచ్చే రోగాల్లో అమెరికా మైదానాలను బాగా వేధించేది ‘డాలర్ స్పాట్’. పగలు వెచ్చగా ఉండి, రాత్రి మంచు కురిసే రోజుల్లో విజృంభిస్తుంది. తెల్లవారుజామున చూస్తే గడ్డిమీద సాలెగూడులాంటి తెల్లటి బూజు. ఆ తర్వాత పాతకాలపు వెండి డాలరంత గుండ్రటి ఎండు మచ్చలు. వాటివల్లే ఆ పేరు. దీనికి కారణమైన శిలీంద్రానికి 1937లో పెట్టిన శాస్త్రీయ నామాన్ని కూడా పరిశోధకులు 2018లో మార్చి ‘క్లారిరీడియా’ అన్నారు. పేరు మారినా బుద్ధి మారలేదు!

మచ్చలు పడితే చూపు చెడటమే కాదు, దొర్లే బంతి దారి తప్పుతుంది. దాంతో మందు కొట్టక తప్పదు. ఒక సీజన్లోనే పలుమార్లు పిచికారీ చేసే మైదానాలున్నాయి. ఒకే రకం మందు పదే పదే వాడితే శిలీంద్రం దానికి అలవాటుపడిపోతుంది. పొలంలో పురుగు మందుకు మొండికేసినట్టే ఇదీ. పైగా మందులన్నీ ఎప్పటికీ దొరుకుతాయన్న భరోసా లేదు. ఈ తెగులుకు దశాబ్దాలపాటు వాడిన క్లోరోథాలోనిల్ అనుమతిని పొడిగించకూడదని 2019లో యూరోపియన్ యూనియన్ నిర్ణయించింది. భూగర్భజలాలు కలుషితమవుతాయన్న భయం అందుకు ఒక కారణం.

మరి దారేది? విత్తనం దగ్గరే జాగ్రత్తపడటం. 1950ల్లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ తెచ్చిన ‘పెన్‌క్రాస్’ దశాబ్దాలపాటు గ్రీన్లను ఏలింది. తర్వాత కొత్త రకాలు వరస కట్టాయి. 1990ల్లో టెక్సస్ నుంచి ‘క్రెన్‌షా’ వచ్చింది. ప్రసిద్ధ గోల్ఫర్ బెన్ క్రెన్‌షా పేరు పెట్టారు. వేడికి బాగా తట్టుకుంటుందని పేరు తెచ్చుకుంది. తీరా చూస్తే డాలర్ స్పాట్‌కు అది ఇట్టే లొంగిపోయేది. ఎండను గెలిచి బూజుకు ఓడిందన్నమాట.

న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీ పరిశోధకులు మరో పద్ధతి పట్టారు. గడ్డి మొక్కలను వరసగా నాటి, కావాలనే తెగులు అంటించారు. మందు కొట్టకుండా వదిలేశారు. వాటిలో నిలబడ్డవాటినే ఏరి విత్తనం కట్టారు. ‘డిక్లరేషన్’ లాంటి రకాలకు అలాంటి కృషే పునాది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మన సాంబ మసూరి వరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఉండేది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు మూడు జన్యువులు చేర్చి, ఆ తెగులును తట్టుకునే రకాన్ని 2008లో విడుదల చేశారు. బెంట్‌గ్రాస్‌లో అంత సులువు కాదు. డాలర్ స్పాట్‌ను తట్టుకునే గుణం ఎన్నో జన్యువుల ఉమ్మడి ఫలం. కాబట్టి ఎంత మంచి రకమైనా తెగులు అసలే రాదని కాదు, ఆలస్యంగా వస్తుంది, తక్కువగా వస్తుంది. మందు మానేయడం కుదరకపోయినా తగ్గించడం కుదురుతుంది.

ఇంకో సంగతి. ‘తెగులు తట్టుకునే రకం’ అనగానే సంబరపడకూడదు. ఏ తెగులును అని అడగాలి. ఉక్కపోత రోజుల్లో వచ్చే బ్రౌన్ ప్యాచ్ వేరే రోగం. నత్రజని తక్కువైతే డాలర్ స్పాట్ పెరుగుతుంది, ఎక్కువైతే బ్రౌన్ ప్యాచ్ రెచ్చిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు విత్తనం సంచి మీది బొమ్మ చూసి కొనరు. అమెరికాలో జాతీయ స్థాయిలో పచ్చిక రకాలను వేర్వేరు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి పెంచి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 9 వస్తే అత్యుత్తమం. మొత్తం సగటు కాకుండా తమ వాతావరణానికి దగ్గరగా ఉన్న చోట, తమను వేధించే తెగులుకు ఎన్ని మార్కులొచ్చాయో చూసుకోవడం తెలివైన పని. రెండు మూడు మంచి రకాలను కలిపి చల్లేవాళ్లూ ఉన్నారు. ఒకటి తడబడినా మరొకటి ఆదుకుంటుందని.

విత్తనం మంచిదైనా సంరక్షణ తప్పదు. పొద్దున్నే గడ్డిమీది మంచును తుడిచేయడం, తేలికపాటి రోలర్ తిప్పడం, తగినంత ఎరువు... ఇవన్నీ తెగులును అదుపులో పెట్టేవే. ఆకు ఎంత త్వరగా ఆరితే బూజుకు అంత తక్కువ అదను.

ఈ ఎంపికలో తొందరపాటు ఎందుకు పనికిరాదంటే... అల్లుకుపోయిన పాత బెంట్‌గ్రాస్‌లో కొత్త విత్తనం చల్లితే నిలదొక్కుకోవడం చాలా కష్టం. రకం మార్చాలంటే పాతదాన్ని చంపి, మళ్లీ విత్తి, నెలల తరబడి ఆట ఆపేయాలి. అందుకే విత్తనానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా వెనకాడొద్దంటారు అనుభవజ్ఞులు. ఆ డబ్బు పెట్టేది ఒక్కసారి. మందుకైతే ఏటేటా పెడుతూనే ఉండాలి!