“నడిచింది కదా!” అంటే చాలునా?

మన ల్యాబుల్లో తరచు వినిపించే మాట ఒకటుంది: “ప్రోగ్రాము నడిచింది, అవుట్‌పుట్ వచ్చింది, ఇంకేం కావాలి?” రికార్డులో సంతకం పడుతుంది, మార్కులు పడతాయి, కథ కంచికి మనం ఇంటికి. ఏ వడ్డీ లెక్కల ప్రోగ్రాముకో ఈ ధోరణి కొంతవరకు చెల్లుతుందేమో గాని, రెండు యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మనం ఏర్పరచే నియమావళికి, అంటే ప్రొటోకాల్‌కు, బొత్తిగా చెల్లదని నా అభిప్రాయం. సొంత అనుభవమే నాకీ మాట నేర్పింది.

మూడో సంవత్సరంలో నేనూ, నా బ్యాచ్ మిత్రుడూ కలిసి ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి ఫైలు పంపే ప్రోగ్రాము రాశాం. పద్ధతి సులువైనదే. ఫైలులో ఒక ముక్క పంపి, “అందింది” అని జవాబు వచ్చేదాకా ఆగాలి. రాకపోతే కాసేపు చూసి అదే ముక్క మళ్లీ పంపాలి. పాత ముక్కేదో కొత్తదేదో అవతలి యంత్రం పోల్చుకోవడానికి 0, 1, 0, 1 అని మార్చి మార్చి గుర్తులు వేశాం. “అందింది” అనే జవాబుకు కూడా గుర్తెందుకు, దండగ అనుకున్నాం. ల్యాబులో ఎన్నిసార్లు నడిపినా ఫైలు చక్కగా చేరింది. పూర్తి మార్కులు వచ్చాయి.

ఆ వారంలోనే ఓ రాత్రి హాస్టల్లో మావాడు కాగితం మీద బాణాలు గీస్తూ గీస్తూ ఆగిపోయాడు. “ఒరేయ్, మన ఫైలు మునిగిందిరా!” అన్నాడు. అతడు గీసిన బొమ్మ ఇదీ. మొదటి ముక్క పంపాం. జవాబు బయలుదేరింది గాని ఆలస్యమైంది. ఓపిక పట్టలేక మొదటి ముక్కే మళ్లీ పంపాం. అవతలి యంత్రం దానికీ “అందింది” అంది. ఇప్పుడు దారిలో రెండు జవాబులున్నాయి. మొదటిది రాగానే రెండో ముక్క పంపాం. అది దారిలో పోయింది. ఇంతలో వెనకబడ్డ రెండో జవాబు వచ్చింది. రెండో ముక్క అందిందనుకొని మూడోది పంపేశాం! దాని గుర్తు 0 కాబట్టి, అవతలి యంత్రం అది మొదటి ముక్కే అనుకొని పారేసి, మళ్లీ “అందింది” అంది. రెండు ముక్కలు గల్లంతు. పంపినవారికీ పుచ్చుకున్నవారికీ మాత్రం అంతా సవ్యంగానే ఉంది!

పరీక్షలో ఇదెందుకు కనబడలేదు? పది అడుగుల తీగ మీద ముక్క పోయేదెప్పుడు, జవాబు ఆలస్యమయ్యేదెప్పుడు? పరీక్ష తప్పును పట్టివ్వగలదే గాని తప్పు లేదని హామీ ఇవ్వలేదని డైక్‌స్ట్రా ఏనాడో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మేము నోట్సులో రాసుకున్నాం, మరిచిపోయాం.

ఈ చిక్కుకు విరుగుడు కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి చెందిన బార్ట్‌లెట్, స్కాంటిల్‌బరీ, విల్కిన్‌సన్ 1969లోనే ఒక్క బిట్‌ను మార్చి మార్చి వాడే పద్ధతిని ప్రచురించారు. నేటి పాఠ్యపుస్తకాల్లో కనబడే రూపంలో ముక్కతో పాటు జవాబు కూడా గుర్తు మోస్తుంది. అయితే దానికీ ఒక షరతుంది: వెనక పంపినది ముందు చేరకూడదు. ఇంటర్నెట్‌లో ఆ భరోసా లేదు. అందుకే అక్కడ టీసీపీ 32 బిట్ల వరుస నంబరు వాడుతుంది. ఏ ప్రొటోకాల్ అయినా కొన్ని షరతుల మీదనే సరైనది. ఆ షరతులు కాగితం మీద పెట్టని ప్రొటోకాల్ సగం రాసిన దస్తావేజు వంటిది.

మేం విద్యార్థులం, పొరపడ్డాం. పెద్దలు పొరపడరా అనవచ్చు. 1980 అక్టోబరు 27న అమెరికాలోని ఆర్పానెట్ కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. ఆ నెట్‌వర్కులో ప్రతి స్విచ్చి యంత్రమూ తన లైన్ల స్థితిని తక్కినవాటికి చాటుతూ, ఆ ప్రకటనకు 0 నుంచి 63 వరకు వరుస నంబరు వేసేది. 63 తరువాత మళ్లీ 0. కాబట్టి ఏది కొత్తది, ఏది పాతది అన్నది గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టూ లెక్కించి తేల్చాలి. ఒక యంత్రం బిట్లు జారవిడవడంతో ఒకే చోటి నుంచి వచ్చిన ప్రకటనలు 44, 40, 8 అనే మూడు నంబర్లతో చలామణీలోకి వచ్చాయి. నియమం ప్రకారం 40 కంటే 44 కొత్తది, 8 కంటే 40 కొత్తది, 44 కంటే 8 కొత్తది! ఇక అంతమెక్కడ? ప్రతి యంత్రమూ మూడింటినీ “కొత్తవి” అనుకొని పక్కవాటికి అందిస్తూ, వేరే పని చేయలేకపోయింది. చివరకు ఆ ప్రకటనలను లెక్కచేయవద్దని యంత్రాలకు విడిగా చెప్పవలసి వచ్చింది. విడివిడిగా చూస్తే నియమాలన్నీ సమంజసమైనవే. అన్నీ కలిస్తే ఏమౌతుందన్నది ఎవరూ పూర్తిగా గీసి చూడలేదు.

ఆ గీసి చూసే పని నేడు యంత్రమే చేస్తుంది. పంపేది, పుచ్చుకునేది, మధ్యనున్న దారి - ఈ మూడింటి స్థితులు ఎన్ని రకాలుగా కలవగలవో అన్నిటినీ తట్టి చూస్తుంది. తప్పు దొరికితే, మావాడు గీసిన బొమ్మలాగే, అది ఏ దారిన వచ్చిందో చూపుతుంది. బెల్ లాబ్స్‌లో హోల్జ్‌మన్ తయారుచేసిన స్పిన్ 1991 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఈ విద్యకు పునాది వేసిన క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. స్థితులు రక్తబీజుడిలా పెరిగిపోతాయన్న మాట నిజమే. అయినా చిన్న నమూనాలోనే పెద్ద తప్పులు బయటపడుతున్నాయి.

అంతమాత్రాన “మెషీన్ సరే అంది” అనేది కొత్త “నడిచింది కదా” కారాదు. నీధమ్, ష్రోడర్ 1978లో ప్రకటించిన రహస్య పరిచయ పద్ధతిని చూడండి. 1989లో ఒక తర్కపద్ధతితో దాన్ని పరిశీలించినప్పుడు కూడా అందులోని అసలు లొసుగు బయటపడలేదు. 1995లో గేవిన్ లో దాన్ని పట్టుకున్నాడు. రామయ్య తనంతట తాను సోమయ్యతో మాట కలిపితే, సోమయ్య ఆ మాటలనే భీమయ్య దగ్గరకు మోసి “నేనే రామయ్యను” అని నమ్మించగలడు! జవాబులో భీమయ్య తన పేరు కూడా చేరిస్తే చిక్కు తీరిపోతుంది. దొంగ బయట ఉంటాడనుకున్నారు గాని, పిలిచి కూర్చోబెట్టినవాడే దొంగ కావచ్చునని అనుకోలేదు. 17 ఏళ్లు పట్టింది. అలాగే వైఫైకి కాపలా కాసే డబ్ల్యూపీఏ2 పద్ధతిలోని తాళాల మార్పిడికి రుజువులున్నా, 2017లో వాన్‌హూఫ్ అందులో లోపం చూపాడు. తాళం ఎప్పుడు బిగించాలి, మళ్లీ బిగిస్తే ఏమౌతుంది అన్న ప్రశ్న ఆ రుజువుల పరిధిలో లేదు. అడగని ప్రశ్నకు రుజువు జవాబు చెప్పదు.

కనుక నేను కోరేది పాఠ్యాంశాల బరువు పెంచమని కాదు. ఏడు పొరల పేర్లు వల్లెవేయించే కాలంలో కొంత ఇటు మళ్లించమంటున్నాను. ప్రతి ప్రొటోకాల్ ప్రయోగంలోనూ ముక్కలను కావాలని పారేసే, ఆలస్యం చేసే, రెండుసార్లు అందించే దొంగ దారి ఒకటి మధ్యలో పెట్టండి. రికార్డులో ఒక పేజీ షరతులకు కేటాయించండి: ఏ చెడు ఎన్నటికీ జరగదంటున్నాం, ఏ మంచి ఎప్పటికైనా జరుగుతుందంటున్నాం, ఏమేం నమ్మి అంటున్నాం. ఒక బ్యాచ్ ప్రొటోకాల్‌ను మరో బ్యాచ్ విరగ్గొడితే, విరగ్గొట్టినవారికి మార్కులివ్వండి.

“ఉద్యోగానికి ఇదంతా అవసరమా? కంపెనీవాళ్లు అడుగుతారా?” అని మిత్రులు అడుగుతారు. ఇంటర్వ్యూలో అడగకపోవచ్చు. కాని ఫోనులో ఫీజు కట్టి, ఖాతాలో డబ్బు తెగి, రసీదు రాక, మళ్లీ కట్టాలా వద్దా అని ఆఫీసు కిటికీ ముందు నిలబడినవారు మనలో లేరా? ఆ నిలబడ్డవాడి వెనుక ఎక్కడో ఒక “అందింది” అన్న జవాబు తప్పిపోయి ఉండవచ్చు. రేపు ఆ నియమాలు రాయవలసింది మనమే. 2018లో వెలువడిన టీఎల్ఎస్ 1.3 రూపకర్తలు, దాన్ని ఖరారు చేయకముందే పరిశోధకులను పిలిచి తప్పులు వెతకమన్నారు. పెద్దలకు లేని నామోషీ మనకెందుకు?

మా రికార్డులో ఆ పూర్తి మార్కులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు గల్లంతైన ఆ రెండు ముక్కలే గుర్తొస్తాయి.