అప్పు పత్రానికి ముందు వీసా పత్రం

కామారెడ్డి జిల్లాలోని నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయేవారి ప్రయాణం చాలాసార్లు వీసాతో కాక, మిత్తికి తెచ్చిన అప్పుతో మొదలవుతుంది. ఏజెంటు చేతిలో సొమ్ము పడ్డాక గాని వచ్చింది కంపెనీ వీసానా, విజిట్ వీసానా అన్నది తెలియకపోవడమే ఈ వలసలోని అసలు ప్రమాదం.

పదో తరగతి పాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అది ఉన్నవారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పని కోసం పోవాలంటే, 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి పొందాలి. అందుకు యజమాని పేరు, చేయవలసిన పని, జీతం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు అందించే ప్రవాసీ భారతీయ బీమా కూడా తీసుకోవాలి. విజిట్ వీసాపై పంపడమంటే ఈ రక్షణలన్నిటినీ ఒక్క దెబ్బతో తీసివేయడమే.

"అక్కడికి పోయినంక మార్పిస్తం" అన్న ఏజెంటు మాటకు కాగితం మీద ఆధారం ఉండదు. యూఏఈలో విజిట్ వీసాపై పని చేయడం చట్టవిరుద్ధం. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. అట్లా కాగితాలు లేకుండా మిగిలిపోయిన కార్మికుడిని వలస పల్లెల్లో ఖల్లివల్లి అంటారు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి అతడు జంకుతాడు, ఇక్కడ మిత్తి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

లైసెన్సు ఉన్న ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 35,400. దానికి రసీదు ఇవ్వాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఆ లైసెన్సే ఉండదు. కాబట్టి భూమి తాకట్టు పెట్టకముందే వీసా ప్రతిని, ఒప్పంద పత్రాన్ని చేతికి తీసుకొని, రెండింటిలోనూ యజమాని పేరు, పని ఒకటేనా అని చదివించుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించాలి.

అయితే ఈ భారమంతా కూలికి పోయే మనిషి మీదనే మోపడం న్యాయం కాదు. అతడి తరఫున చూసే కార్యాలయాలు హైదరాబాదులో ఉన్నాయి, అప్పిచ్చేవాడు, ఏజెంటు మాత్రం ఊళ్లోనే ఉన్నారు. ఏజెంటు లైసెన్సునూ వీసా రకాన్నీ సరిచూసి ఉచితంగా చెప్పే ఏర్పాటు ప్రతి మండల కేంద్రంలోని మీసేవలో ఉండాలి.