గింజ మనది, చాక్లెట్ ఎవరిది?

క్యాంటీన్‌లో రోజూ చాక్లెట్ కొంటాం కదా, మనలో కోకో కాయని చూసినవాళ్ళు ఎంతమంది? దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు దాటి పెదవేగి వైపు వెళ్తే కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో ఉండే అంతర పంట అదే.

ఈమధ్య అక్కడ ఒక కుటుంబం చూసుకునే తోటకి వెళ్ళాను. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జు, పుల్లపుల్లగా తియ్యగా. చాక్లెట్ వాసన అస్సలు లేదు! గింజల్ని గుజ్జుతోనే పెట్టెల్లో ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తేనే ఆ వాసన. వెనకటికి మాయా ప్రజలు వాటిని మన సన్నికల్లు లాంటి రాతి మీద నూరి, నీళ్ళు, మిరప కలిపి, నురగ కోసం మన టీకొట్టు బాబాయిలాగే పైనుంచి పోసి తాగేవారు.

2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 10,000 డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి, ఏలూరులో రైతులు ధర్నాకి దిగారు. వట్టి గింజలు అమ్మినంతకాలం ధర ఇంకెవరో చెప్తారు. తాడికలపూడిలో పులియబెట్టిన గింజలతో హైదరాబాద్‌లో ‘మనం’ చాక్లెట్ తయారవుతోందంటే, వేరే దారి ఉన్నట్టే.

పెట్టెలో వేడి కొలిచే సెన్సార్, వానాకాలానికి చిన్న డ్రయ్యర్, ఇంటి స్థాయి గ్రైండర్: ఇవన్నీ మన సిలబస్సే. ఫైనలియర్ ప్రాజెక్టంటే మళ్ళీ అటెండెన్స్ యాపేనా?