పోతిరెడ్డిపాడు: టీఎంసీలు కాదు, రోజులు లెక్కించాలి

శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీరిచ్చే పోతిరెడ్డిపాడు తూముల పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా చర్చ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఎవరికి ఎన్ని టీఎంసీలు? అసలు తేలాల్సినవి వేరే ఉన్నాయి. ఎంత వేగంతో, ఎన్ని రోజులు, ఏ మట్టం నుంచి?

ఈ ప్రశ్నలు ఎందుకు ముఖ్యమో నిల్వల గణితం చెబుతుంది. అందులో ఫ్లూయిడ్ క్యూ అనే నమూనా ఉంది. వచ్చే వేగం వానలను బట్టి, పోయే వేగం నిల్వను బట్టి మారుతుంటాయి. నిండితే పొర్లుతుంది, అడుగంటితే ఆగుతుంది. 1954లో గణాంకవేత్త మోరన్ ఆనకట్టల నిల్వకు కట్టిన సంభావ్యతా లెక్క దీనికి పూర్వరూపం. ఏడాదికి వచ్చే నీరు అంతే ఉన్నా, వచ్చే తీరు మారితే దక్కేది మారిపోతుందన్నది ఇది నేర్పే మొదటి పాఠం. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల లెక్కల నుంచి 75 శాతం విశ్వసనీయతతో తేల్చిన 2,060 టీఎంసీలు ఏడాది మొత్తమే. ఆ అంకెలో వరద రోజుల ఊసు లేదు.

ఒప్పందాల్లో వేగం ప్రస్తావన బొత్తిగా లేదనుకోవడం మాత్రం పొరపాటు. మద్రాసు తాగునీటి కోసం 1977లో కుదిరిన ఒప్పందం 15 టీఎంసీలను జులై నుంచి అక్టోబరు దాకా 1,500 క్యూసెక్కుల చొప్పున తీసుకోమంది. ఆ నాలుగు నెలలను ఆ వేగంతో గుణిస్తే దాదాపు 16 టీఎంసీలు వస్తాయి. అంటే వాటాను రోజులతో భాగించి వేగాన్ని రాబట్టినట్టు కనిపిస్తోంది. తెలంగాణ ఈ 1,500 దాటరాదంటోంది. నా దృష్టిలో అది హద్దు కాదు, భాగహార ఫలితం. ఎగువ వరదను ఆపే ఆల్మట్టి ఆనకట్ట పూర్తికాని కాలపు రోజుల లెక్కతో వచ్చిన ఫలితం.

మద్రాసుకు 15, తెలుగుగంగకు 29, శ్రీశైలం కుడి కాలువకు (ఎస్సార్బీసీ) 19, గాలేరు–నగరికి 38 కలిపితే 101 టీఎంసీలు. పాత 11,150 క్యూసెక్కుల సామర్థ్యంతో వాటిని తీసుకోవడానికి సుమారు 105 రోజులు పడుతుంది. తర్వాత పెంచిన 44,000 క్యూసెక్కులతో 27 రోజులు చాలు. అదీ శ్రీశైలం 885 అడుగుల నిండు మట్టానికి దగ్గరగా ఉంటేనే. 854 అడుగులకు దిగేసరికి తూముల్లో వేగం బాగా పడిపోతుంది.

తూములు పెంచినంత మాత్రాన కడప పొలాలకు నీరందదు. ఆ నీటిని కాలువలకు మళ్లించే బానకచర్ల రెగ్యులేటరు దిగువ కాలువలు ఆ వేగాన్ని మోయాలి. 26.85 టీఎంసీల గండికోట, 17.74 టీఎంసీల బ్రహ్మంసాగర్ జలాశయాలు వరద రోజుల్లోనే నిండాలి.

అందుకే కృష్ణా బోర్డు ముందు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ వాదించాల్సింది 854 అడుగుల పైన దొరికే రోజుల గురించి. వాటా పెంచకుండానే వేగం పెంచవచ్చు. వేగం లేని వాటా మాత్రం సీమకు కాగితం మీద హక్కుగానే మిగిలిపోతుంది.