సత్యజిత్ రాయ్‌పై ఒక నింద

భారతీయ చలనచిత్రమునకు ప్రపంచములో గౌరవస్థానము సంపాదించినవారిలో సత్యజిత్ రాయ్ (1921–1992) అగ్రగణ్యులని అందరును అంగీకరింతురు. అంగీకరించిన మరుక్షణముననే కొందరు ఒక నిందను కూడ జోడింతురు: ఆయన దేశదారిద్ర్యమును పరదేశములలో అమ్ముకొన్నారట. 1980లో ఈ మాట రాజ్యసభలోనే వినిపించినది. పలికినవారు సుప్రసిద్ధ నటి నర్గీస్ దత్. నాటినుండి అది చేతులు మారుచునే ఉన్నది. ఎంతకాలము చెలామణి అయినను నాణెము మంచిదో చెల్లనిదో రాతిమీద మ్రోగించి చూచినగాని తెలియదు.

ముందుగా సరకు లెక్క చూడవలెను. ‘జల్సాఘర్’ (1958) చితికిపోయిన జమీందారు కథ. ‘కాంచన్‌జంఘా’ (1962) డార్జిలింగులో విహరించు సంపన్న కుటుంబము కథ. ‘చారులత’ (1964) పందొమ్మిదవ శతాబ్దపు కలకత్తాలో కలిగినవారి యింట ఒంటరియైన ఇల్లాలి కథ. ‘నాయక్’ (1966) సినిమా నటుని అంతరంగము. ‘సీమాబద్ధ’ (1971) పెద్ద కంపెనీ ఉద్యోగి ఆత్మవంచన. ‘శత్రంజ్ కే ఖిలాడీ’ (1977) నవాబుల లక్నో. 30 పైచిలుకు చిత్రములు తీసిన వ్యక్తి దారిద్ర్యమే తన సరకు అనుకొన్నచో, ఇన్నిమారులు అంగడి మూసి కూర్చుండునా?

నింద మోపువారి చూపు నిజమునకు ఒక్క ‘పథేర్ పాంచాలీ’ (1955) మీదనే ఉన్నది. కనుక ఆ వ్యాపారము ఎట్లు సాగినదో చూతము. రాయ్ అప్పటికి ప్రకటనల సంస్థలో మంచి జీతముగల చిత్రకారులు. పాటలు లేని, తారలు లేని చిత్రమునకు పెట్టుబడి పెట్టుటకు ఏ నిర్మాతయు ముందుకు రాలేదు. ఆయన జీవితబీమా పత్రము తాకట్టు పెట్టినారు. భార్య నగలు కుదువ పెట్టినారు. డబ్బు చాలక నెలల తరబడి చిత్రీకరణ ఆగినది. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము ధనమిచ్చి పూర్తి చేయించినది. లాభము కోరు వర్తకుడెవ్వడును ఇట్టి బేరము చేయడు.

ఇక చిత్రములో ఉన్నదేమి? దుర్గ మరణించిన తరువాత తండ్రి హరిహరుడు ఇల్లు చేరి, కూతురికై తెచ్చిన చీరను తీసి చూపును. తల్లి సర్వజయ కుప్పకూలును. కాని ఆమె రోదనము ప్రేక్షకునికి వినబడదు. దానికి బదులు తార్‌షెహనాయి మ్రోగును. కన్నీటితో వ్యాపారము చేయువాడు ఆ కేకను వదలుకొనునా? కుటుంబము ఊరు విడుచునపుడు అపూకు ఒక హారము దొరకును. అక్క దొంగిలించినదని పొరుగువారు నిందించిన హారమే అది. వాడు దానిని ఎవరికిని చూపక చెరువులో పారవేయును. నాచు మరల కలిసికొని ఆ చోటును మూసివేయును. దొంగతనము నిజమే; దానిని దాచిన ప్రేమయు నిజమే. రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూచిన పిల్లల ఆనందమును అట్లే నిజము. లేమి ఆ యింటి స్థితి. ఆ మనుష్యుల స్వభావము కాదు. ఈ భేదమును గుర్తించనివారే దీనిని దారిద్ర్యప్రదర్శన మందురు.

ఈ కథ రాయ్ కల్పించినది కాదు. 1929లో గ్రంథరూపమున వెలువడిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల అది. ఆ నవలను వంగదేశము గుండెలకు హత్తుకొన్నది. దేశగౌరవమునకు భంగము కలిగినదని సభలలో ఎవరును ఆక్రోశించలేదు. అక్షరములో గౌరవమైనది తెరమీద అవమానమెట్లయినది? పుస్తకమును ఇంటివారు చదివినారు, చిత్రమును పొరుగువారు కూడ చూచినారు, భేదము ఇంతే. కనుక కోపము అబద్ధము చెప్పినందుకు కాదు, ఇంటిగుట్టు రచ్చకెక్కినందుకు.

పేదరికము తెరమీద కనబడుటయే దోషమైనచో ‘మదర్ ఇండియా’ (1957) మాటయేమి? అప్పుల ఊబిలో చిక్కిన రైతుస్త్రీగా అందులో నటించినవారు నర్గీసే. ఆ చిత్రమును ఆస్కార్ పోటీకి పంపినారు. అది తుదిజాబితాకెక్కినపుడు దేశము గర్వించినది. గర్వించుట న్యాయమే. కాని పాటలతో, వీరోచితమైన ముగింపుతో వచ్చిన లేమి దేశభక్తియై, మౌనముగా వచ్చిన లేమి దేశద్రోహమగుట ఏ న్యాయము?

విదేశీ విమర్శకులలో కొందరు రాయ్ చిత్రములనే సమస్త భారతముగా భావించిన మాట నిజము. అది చూచినవారి అల్పజ్ఞత; చూపినవారి అపరాధము కాదు. ఆయన తీసిన మిక్కిలి కఠోరమైన చిత్రము ఏ విదేశీ ఉత్సవము కొరకో తీసినది కాదు. ప్రేమ్‌చంద్ కథ ఆధారముగా 1981లో దూరదర్శన్ కొరకు హిందీలో తీసిన ‘సద్గతి’ అది. సంభాషణల రచనలో ప్రేమ్‌చంద్ కుమారుడు అమృత్ రాయ్ పాలుపంచుకొన్నారు. కూతురి పెండ్లి నిశ్చయమునకు ముహూర్తము అడుగబోయిన దుఖీ అను చర్మకారుడు, పురోహితుడు చెప్పిన వెట్టికి లొంగి, ఆకలితో మొద్దు చీల్చుచు ప్రాణము విడుచును. శవమును తాకనొల్లని పురోహితుడు కాలికి త్రాడు తగిలించి ఈడ్చుకొనిపోవును. ఈ చిత్రము ఎవరికి అమ్మినది? ఇంటింట కూర్చున్న స్వదేశీయునికే అద్దము పట్టినది. అద్దములో ముఖము బాగులేకున్న ముఖము కడుగుకొనవలెను గాని అద్దమును నిందించరాదు.

1992లో భారతరత్నము, ఆస్కార్ గౌరవ పురస్కారము రెండును రాయ్‌ని వరించినవి. బిరుదులు నిందలకు సమాధానము కావు, చిత్రములే సమాధానము. ఈ నిందను నిలువనిచ్చినచో అది ఒక్క దర్శకునితో ఆగదు. విభూతిభూషణుని, ప్రేమ్‌చంద్‌ను కూడ అదే బోనులో నిలువబెట్టవలెను. ఆకలిని గూర్చి నిజము వ్రాసిన ప్రతి భారతీయ భాషారచయితను పిలిపించవలెను. అప్పుడు బోను నిండును, గ్రంథాలయములు ఖాళీయగును. దుఖీ శవము మాత్రము ఆ వానలో అట్లే పడియుండును.